సియాటిల్ కేఈఎక్స్‌పీ రేడియో చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

సియాటిల్‌కి కొత్తగా ఉద్యోగాలకు వచ్చిన మనవాళ్ళూ, హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని యూట్యూబ్‌లో బ్యాండ్ల వీడియోలు చూసే కుర్రాళ్ళూ ఈ స్టేషన్ గురించి దాదాపు ఒకే ప్రశ్నలు అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. వరుసగా చదవాల్సిన పనిలేదు. మీ సందేహం ఏదో చూసుకుని అక్కడికే వెళ్ళండి.

## అసలు ఇదేంటి?

కేఈఎక్స్‌పీ అంటే యూట్యూబ్ చానెల్ కాదా? రేడియో కూడా ఉందా?

రేడియోనే అసలు, వీడియోలు తర్వాత వచ్చాయి. సియాటిల్‌లో 90.3 ఎఫ్ఎం మీద రోజంతా నడిచే స్టేషన్ ఇది. 1972లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో కేసీఎంయూ అన్న పేరుతో మొదలైంది. 2001లో పేరు కేఈఎక్స్‌పీగా మారింది. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది, వాణిజ్య ప్రకటనలు ఉండవు. స్టూడియోకి వచ్చిన బ్యాండ్లు వాయించినప్పుడు తీసిన వీడియోలే మీరు యూట్యూబ్‌లో చూసేవి.

రాక్ స్టేషన్ అన్నారు. నేను పెట్టినప్పుడల్లా ఒకసారి ఆఫ్రికా పాట, ఒకసారి ర్యాప్ వస్తోంది. ఇదేం రాక్ స్టేషన్?

పేరు తెచ్చుకున్నది రాక్‌తోనే. ఇప్పటికీ పగటిపూట ఎక్కువగా వినిపించేది ఇండీ రాక్ (పెద్ద కంపెనీల అండ లేకుండా వచ్చే రాక్), దాని చుట్టుపక్కల సంగీతమే. కానీ ఒకే రకం పాటలు రోజంతా తిప్పే పద్ధతి వీళ్ళకి మొదటినుంచీ లేదు. ఏ పాట వెయ్యాలో ఆ గంటలో మైకు ముందు కూర్చున్న డీజేనే నిర్ణయిస్తారు. అందుకే గిటార్ పాట పక్కన మాలీ దేశపు పాట, దాని వెనక సియాటిల్ కుర్రాడి హిప్‌హాప్ వస్తుంది.

సాయంత్రాల్లో, వారాంతాల్లో విడివిడి కార్యక్రమాలుంటాయి: పంక్‌కి సోనిక్ రెడ్యూసర్, మెటల్‌కి సీక్ అండ్ డెస్ట్రాయ్, రెగేకి పాజిటివ్ వైబ్రేషన్స్, లాటిన్ సంగీతానికి ఎల్ సోనిడో, స్థానిక బ్యాండ్లకి ఆడియోయేసిస్. అచ్చంగా రాకే కావాలి, తెలిసిన పాటలే కావాలి అంటే సియాటిల్‌లోనే 99.9 మీద కేఐఎస్‌డబ్ల్యూ అనే వాణిజ్య స్టేషన్ ఉంది. అది వేరే వ్యాపారం, వేరే రుచి.

అమెరికా స్టేషన్ల పేర్లన్నీ కే తోనో డబ్ల్యూ తోనో ఎందుకు మొదలవుతాయి?

ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు అక్షరాలవి. మిసిసిపీ నదికి పడమటివైపు స్టేషన్లకి కే, తూర్పువైపు వాటికి డబ్ల్యూ. కొన్ని పాత స్టేషన్లు మినహాయింపు. సియాటిల్ పడమటి తీరాన ఉంది కాబట్టి కే. కేసీఎంయూలో మిగిలిన సీఎంయూ యూనివర్సిటీలో ఆ స్టేషన్ పుట్టిన కమ్యూనికేషన్స్ భవనానికి గుర్తు.

## యూనివర్సిటీ రోజులు

ఎవరు పెట్టారు? యూనివర్సిటీయేనా?

ఆలోచన నలుగురు డిగ్రీ విద్యార్థులది. రేడియో పని నేర్చుకోవడానికి తమకంటూ ఒక స్టేషన్ కావాలనుకున్నారు. యూనివర్సిటీకి అప్పటికే కేయూఓడబ్ల్యూ అనే పెద్ద స్టేషన్ ఉంది. కానీ పిల్లలు తప్పులు చేస్తూ నేర్చుకోడానికి వీలున్న చోటు కాదది. అలా 1972లో, 90.5 ఎఫ్ఎం మీద, 10 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో కేసీఎంయూ మొదలైంది. లైసెన్సు యూనివర్సిటీ పేరు మీద, పనంతా విద్యార్థులది.

10 వాట్లు అంటే ఇంట్లో ఎల్ఈడీ బల్బంత! అది ఎవరికి వినపడుతుంది?

క్యాంపస్‌కీ, చుట్టూ ఉన్న కొన్ని వీధులకీ. అంతకన్నా దూరం పోతే గరగర. ఆ రోజుల్లో అమెరికాలో చదువుల కోసం పెట్టే చిన్న స్టేషన్లకి 10 వాట్ల లైసెన్సు సులువుగా ఇచ్చేవారు. డెబ్బైల చివర్లో రూల్స్ మారాయి. ఇంత చిన్న స్టేషన్లకి ఇక రక్షణ ఉండదు, శక్తి పెంచుకోకపోతే ఇంకొకరు ఆ ఫ్రీక్వెన్సీని పట్టుకుపోవచ్చు అన్నారు. దాంతో దేశమంతటా కాలేజీ స్టేషన్లు పెద్దవయ్యే దారి చూసుకున్నాయి. కేసీఎంయూ ఎనభైల మొదట్లో 182 వాట్లకి పెరిగింది. ఆ తర్వాత కొన్నేళ్ళకి ట్రాన్స్‌మిటర్ సియాటిల్‌లోనే క్యాపిటల్ హిల్ అనే గుట్ట మీదికి వెళ్ళింది, ఫ్రీక్వెన్సీ 90.3 అయ్యింది, శక్తి 400 వాట్ల దాకా వచ్చింది. ఇప్పుడు 4,700 వాట్లు. పెద్ద వాణిజ్య స్టేషన్ల ముందు ఇది కూడా తక్కువే.

1981లో మూతపడబోయిందని విన్నాను. ఏం జరిగింది?

యూనివర్సిటీ డబ్బులివ్వడం ఆపేసింది. అప్పుడు స్టేషన్ ముందున్నవి రెండే దారులు: మూసెయ్యడం, లేదా వినేవాళ్ళనే అడగడం. రెండోది ఎంచుకున్నారు. పాటల మధ్యలో మైకులో చందాలు అడగడం అప్పుడు మొదలైంది, ఈ రోజు వరకూ ఆగలేదు.

నన్నడిగితే ఈ స్టేషన్ చరిత్రలో 1972 కన్నా 1981 పెద్ద మలుపు. డబ్బు శ్రోతల జేబులోంచి వస్తుంటే పాటల మీద కూడా శ్రోతకి హక్కు వస్తుంది. ఈ మాట స్టేషన్ యాజమాన్యానికి ఒక్కోసారి నచ్చింది, ఒక్కోసారి గొంతులో వెలక్కాయ అయ్యింది. తర్వాతి నలభై ఏళ్ళలో జరిగిన గొడవలన్నిటి అడుగునా ఉన్నది ఒకటే: ఏ పాట వెయ్యాలో చెప్పేది ఎవరు?

## గ్రంజ్ రోజులు

నిర్వాణాని మొదట రేడియోలో వేసింది వీళ్ళేనా?

అవుననే చెప్తారు, కాదని గట్టిగా అన్నవాళ్ళు లేరు. గ్రంజ్ అంటే ఎనభైల్లో సియాటిల్ చుట్టుపక్కల పుట్టిన గరుకు గిటార్ల రాక్, దానిలో అందరికన్నా పేరొచ్చిన బ్యాండు నిర్వాణా. 1988 చివర్లో వాళ్ళ తొలి సింగిల్ సబ్ పాప్ అనే సియాటిల్ రికార్డు కంపెనీ నుంచి వచ్చింది. అప్పటికి ఆ బ్యాండు గాయకుడు కర్ట్ కొబేన్ సియాటిల్‌లో ఉండేవాడు కాదు, గంట పైన ప్రయాణం దూరంలో ఒలింపియాలో ఉండేవాడు.

ఆ రోజు సంగతి ఆయన జీవిత చరిత్రల్లో ఉంది. గర్ల్‌ఫ్రెండ్‌తో కార్లో వచ్చి, రికార్డు కేసీఎంయూలో ఇచ్చి, తిరుగు ప్రయాణంలో రేడియో పెట్టుకుని ఎదురుచూశాడు. పాట రాలేదు. ఊరు దాటుతుంటే సిగ్నల్ తగ్గిపోతోంది. ఇంకొంచెం దూరం పోతే వచ్చినా వినపడదు. చివరికి ఒక పెట్రోల్ బంకు దగ్గర కారు ఆపించి, పబ్లిక్ ఫోన్ నుంచి స్టేషన్‌కి ఫోన్ చేసి, తన పాట తనే అడిగాడు. తర్వాత కార్లో కూర్చుని విన్నాడు. జనరంజనికి ఉత్తరం రాసి, తన పేరు చదువుతారా లేదా అని చెవి రిక్కించి కూర్చున్నవాళ్ళకి ఆ పది నిమిషాల టెన్షన్ ఏంటో విడమరచి చెప్పక్కర్లేదు.

సౌండ్‌గార్డెన్ గిటారిస్టు కిమ్ థాయిల్ మలయాళీ అంటారు. ఇక్కడ డీజేగా పనిచేశాడా?

రెండూ నిజమే. తల్లిదండ్రులు కేరళ నుంచి అమెరికా వచ్చినవాళ్ళు. ఆయన 1960లో సియాటిల్‌లోనే పుట్టాడు, షికాగో పక్కన పార్క్ ఫారెస్ట్ అనే ఊళ్ళో పెరిగాడు. ఎనభైల మొదట్లో మళ్ళీ సియాటిల్ వచ్చి, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఫిలాసఫీ చదువుతూ కేసీఎంయూలో పాటలు వేశాడు. మన పిల్లలు ఆ యూనివర్సిటీకి కంప్యూటర్ సైన్స్ కోసం వెళ్ళడం ఎరుగుదుం. ఫిలాసఫీ చదివి, రేడియోలో చేరి, ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్న భారతీయ కుటుంబం అబ్బాయి ఆ రోజుల్లో ఎంత అరుదో ఆలోచించండి.

మడ్‌హనీ అనే ఇంకో సియాటిల్ బ్యాండు గాయకుడు మార్క్ ఆర్మ్ కూడా అక్కడ డీజేగా చేసినవాడే.

సబ్ పాప్ కంపెనీకీ ఈ స్టేషన్‌కీ సంబంధం ఏంటి?

ఇంటి సంబంధమే అనుకోండి. సబ్ పాప్ మొదట బ్రూస్ పావిట్ అనే ఆయన నడిపిన చిన్న పత్రిక. ఆయనకి కేసీఎంయూలో ఒక కార్యక్రమం ఉండేది. జోనథన్ పోన్‌మన్ అదే స్టేషన్‌లో స్థానిక బ్యాండ్ల కార్యక్రమం చేసేవాడు. సౌండ్‌గార్డెన్ వాయించడం చూసి, వాళ్ళ రికార్డుకి డబ్బు పెడతానని ముందుకొచ్చాడు. మీరిద్దరూ కలిసి చెయ్యండి అని పావిట్‌తో జత కలిపింది థాయిలే. అలా 1987లో సౌండ్‌గార్డెన్ తొలి రికార్డులు వచ్చాయి. మరుసటి ఏడాది ఇద్దరూ కంపెనీని పూర్తిస్థాయిలో మొదలుపెట్టారు.

అంటే పాట వాయించేవాడు, రికార్డు చేయించేవాడు, దాన్ని రేడియోలో వేసేవాడు ముగ్గురూ ఒకే స్టేషన్‌లో తిరిగేవాళ్ళు. బయటివాళ్ళకి ఇది తమవాళ్ళ పాటలే వేసుకునే ముఠాలా కనిపిస్తే తప్పు పట్టలేం. కాకపోతే ఆ పాటలు ఇంకెవరూ పెద్దగా వెయ్యని రోజులవి.

అయితే గ్రంజ్‌ని పుట్టించింది ఈ స్టేషనేనా?

అంత మాట అనకూడదు. చిన్న చిన్న క్లబ్బులు, రాకెట్ అనే స్థానిక సంగీత పత్రిక, తక్కువ ఖర్చులో రికార్డు చేసి పెట్టిన జాక్ ఎండినో లాంటి ఇంజినీర్లు, అప్పటికింకా చవగ్గా దొరికిన ఇంటి అద్దెలు, అన్నీ కలిస్తే వచ్చిన సంగీతం అది. స్టేషన్ చేసిన మేలు ఏంటంటే, ఊళ్ళో బ్యాండ్లు ఒకరి పాట ఒకరు విన్నారు. దేశానికి ఆ పాటలు చేరింది 1991 తర్వాత, ఎంటీవీ ద్వారా, పెద్ద కంపెనీల ద్వారా. అదే ఏడాది సియాటిల్‌లో 107.7 మీద కేఎన్‌డీడీ అనే వాణిజ్య స్టేషన్ ఈ తరహా పాటలతోనే మొదలైంది. అప్పటిదాకా ఎక్కువగా కేసీఎంయూలోనే వినిపించిన సంగీతం మీద ఇప్పుడు వ్యాపారం నడవడం మొదలైంది.

డీజేలు రికార్డు అట్టల మీద కామెంట్లు రాసేవాళ్ళట, నిజమేనా?

నిజం. కొత్త ఎల్పీ రాగానే అట్ట మీద ఒక తెల్ల కాగితం అంటించేవాళ్ళు. విన్న డీజేలు అందులో తమ మాట రాసేవాళ్ళు: ఏ పాట బాగుంది, ఏది వెయ్యకూడదు, ఏ పాటలో బూతుంది. ఒకరు ఆహా అంటే కిందే ఇంకొకరు అంత లేదు అని రాయడం, దాని కింద మూడోవాడు వెటకారం. ఫేస్‌బుక్ కామెంట్లు పెన్నుతో రాస్తే ఎలా ఉంటాయో అలాగే. ఇప్పటి పద్ధతి వేరు: వెబ్‌సైట్‌లో పాట నడుస్తున్నప్పుడే దాని పక్కన డీజే రాసిన నాలుగు ముక్కలు కనిపిస్తాయి.

## తొంభైల గొడవ

కర్స్ అనే గుంపు ఎవరు? స్టేషన్ మీద కేసు ఎందుకు వేశారు?

1992 వచ్చేసరికి సియాటిల్ సంగీతం లోకమంతా మోగుతోంది. సరిగ్గా అప్పుడే కేసీఎంయూ యాజమాన్యం ఎక్కువమందికి నచ్చేలా స్టేషన్‌ని మార్చాలనుకుంది. ఫిలడెల్ఫియాలో తయారయ్యే వరల్డ్ కెఫే అనే కార్యక్రమాన్ని కొని ప్రసారం చెయ్యడం మొదలుపెట్టారు. దానికి చోటివ్వడానికి వాలంటీర్ల కార్యక్రమాలకి కత్తెర పడింది.

వరల్డ్ కెఫే చెడ్డ కార్యక్రమం కాదు. కానీ పదేళ్ళుగా జీతం లేకుండా పనిచేసిన డీజేలకీ, చందాలు కట్టిన శ్రోతలకీ కడుపు మండింది. దేశానికి అవతలి తీరంలో తయారైన పాటల మూట మాకెందుకు అన్నది వాళ్ళ ప్రశ్న. ఆ సంగతి మైకులో మాట్లాడొద్దని యాజమాన్యం రూలు పెట్టింది. మాట్లాడినవాళ్ళని తీసేసింది. దాంతో డీజేలు, శ్రోతలు కలిసి కర్స్ అనే సంఘం పెట్టి, మార్పులు వెనక్కి తీసుకునేదాకా చందాలు కట్టొద్దని ప్రచారం చేశారు. 1981లో శ్రోతల చేతికి ఇచ్చిన తాళంచెవినే వాళ్ళు వాడారు.

కోర్టు ఎవరి పక్షాన తీర్పు చెప్పింది?

అసలు విషయంలో వాలంటీర్ల పక్షాన. 1994లో ఫెడరల్ జిల్లా కోర్టు, స్టేషన్‌ని మైకులో విమర్శించకూడదన్న ఆ రూలు రాజ్యాంగ విరుద్ధమంది. ఇక్కడ కీలకం లైసెన్సు ఎవరిదన్నది. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. వాక్ స్వాతంత్ర్యాన్ని ప్రభుత్వం అణచకూడదన్న అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ దానికి వర్తిస్తుంది. అదే ప్రైవేటు స్టేషన్ అయ్యుంటే, నా మైకు నా ఇష్టం అనేవాళ్ళు, కేసు నిలిచేది కాదు.

అలాగని వాలంటీర్లు గెలిచి స్టేషన్‌ని చేతిలోకి తీసుకున్నారనుకోకండి. తొంభైల్లో స్టేషన్ మెల్లగా జీతాల మీద నడిచే సంస్థగానే మారింది. పాత రోజుల్ని గుర్తుచేసుకుని ఇప్పటికీ నొచ్చుకునేవాళ్ళు సియాటిల్‌లో ఉన్నారు. మిగిలిందేంటంటే, పాట ఎంచుకునే హక్కు డీజే దగ్గరే ఉండిపోయింది. బయట తయారైన కార్యక్రమాలతో గంటలు నింపే పద్ధతి నిలబడలేదు.

## పేరు మారిన కాలం

మైక్రోసాఫ్ట్ పాల్ ఆలెన్ ఈ స్టేషన్‌ని కొన్నాడా?

కొనలేదు, డబ్బు పెట్టాడు. మైక్రోసాఫ్ట్ ఇద్దరు స్థాపకుల్లో ఒకరైన ఆలెన్, రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌కి వీరాభిమాని. హెండ్రిక్స్ పుట్టింది సియాటిల్‌లోనే. ఆలెన్ 2000లో ఎక్స్‌పీరియన్స్ మ్యూజిక్ ప్రాజెక్ట్ అనే మ్యూజియం తెరిచాడు. ఇప్పుడు దాన్ని మోపాప్ అంటున్నారు. మరుసటి ఏడాది ఆ మ్యూజియం, యూనివర్సిటీ, స్టేషన్ మధ్య ఒప్పందం కుదిరింది: లైసెన్సు యూనివర్సిటీ దగ్గరే, కొన్నేళ్ళపాటు ఖర్చుకి ఆలెన్ డబ్బు, ఈలోపు స్టేషన్ తన కాళ్ళ మీద తను నిలబడాలి. క్యాంపస్ వదిలి డెక్స్‌టర్ అవెన్యూలో కొత్త స్టూడియోకి వెళ్ళారు.

కోటీశ్వరుడి డబ్బు వస్తే పాటలు మారిపోతాయని అప్పట్లో చాలామంది భయపడ్డారు. అలా జరగలేదు. ఆయన డబ్బు ఆగిపోయిన తర్వాత కూడా స్టేషన్ పడిపోలేదు. ఇలాంటి ఒప్పందాలు చాలాచోట్ల సగంలో చెడిపోతాయి, ఇక్కడ నిలబడింది. తర్వాత లైసెన్సు కూడా యూనివర్సిటీ నుంచి స్టేషన్ నడిపే సంస్థకే బదిలీ అయ్యింది.

కేఈఎక్స్‌పీలో ఈఎక్స్‌పీ అంటే?

ఎక్స్‌పీరియన్స్. పాల్ ఆలెన్ మ్యూజియం పేరులో మొదటి మాట అదే. ఆ మాట హెండ్రిక్స్ బ్యాండు పేరు నుంచి వచ్చింది.

ఇంటర్నెట్‌లో రేడియో మొదట వినిపించింది వీళ్ళేనా?

మొదట కాదు. అంతకుముందే కొన్ని కాలేజీ స్టేషన్లు నెట్‌లో వచ్చాయి. కానీ 2000లో సీడీ నాణ్యత తగ్గకుండా, కుదించని ఆడియోని 24 గంటలూ నెట్‌లో ఇచ్చిన మొదటి స్టేషన్ ఇదే. సెకనుకి 1.4 మెగాబిట్లు అన్నమాట. మోడెం కీచుమని అరిచే ఆ రోజుల్లో ఇళ్ళల్లో అంత వేగం ఎవరికీ లేదు, యూనివర్సిటీల్లో, పెద్ద ఆఫీసుల్లో ఉన్నవాళ్ళకే సాధ్యమయ్యేది. అయినా చేశారు. ప్రస్తుతం నడుస్తున్న పాట పేరు వెబ్‌సైట్‌లో వెంటవెంటనే చూపించడం కూడా వీళ్ళు తొందరగానే మొదలుపెట్టారు. ఇప్పుడది మామూలు విషయం. అప్పట్లో పాట పేరు తెలియాలంటే డీజే చెప్పేదాకా ఆగాల్సిందే.

న్యూయార్క్‌లో కూడా వచ్చేదటగా?

2008 నుంచి 2011 వరకూ అక్కడి 91.5 ఎఫ్ఎం మీద రోజులో కొన్ని గంటలు వచ్చింది. తర్వాత ఆగిపోయింది.

## వీడియోలు, కొత్త ఇల్లు

వెనకాల చిన్న చిన్న లైట్లు వేలాడే ఆ గది ఎక్కడుంది?

పాత వీడియోల్లోది డెక్స్‌టర్ అవెన్యూలో ఉండేది. చిన్న గది. ఆరుగురు మనుషులు, డ్రమ్స్, యాంప్లిఫయర్లు పెడితే కాలు కదపడానికి చోటుండదు. గోడలు సాదాగా ఉంటాయని తీగల లైట్లు కట్టారు, అవే గుర్తుగా మిగిలాయి. 2016 నుంచి వచ్చిన వీడియోలు సియాటిల్ సెంటర్‌లోని కొత్త స్టూడియోవి. చోటు పెద్దదైంది, లైట్లు మాత్రం తీసెయ్యలేదు. కెమెరాలు మెరుగైనా పాత గది వీడియోల్లో ఉన్న ఇరుకే నాకు ఎక్కువ నచ్చుతుంది. బ్యాండు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించక తప్పేది కాదు.

ఐస్‌లాండ్ బ్యాండు ఎవరింట్లోనో కూర్చుని పాడిన వీడియో ఉంది కదా, దాని కథేంటి?

ఆఫ్ మాన్‌స్టర్స్ అండ్ మెన్ అనే బ్యాండది. 2010లో ఐస్‌లాండ్ ఎయిర్‌వేవ్స్ అనే సంగీతోత్సవానికి వెళ్ళిన కేఈఎక్స్‌పీ బృందం, రేక్యవిక్‌లో ఒక ఇంటి హాల్లో ఆ బ్యాండు పాటని చిత్రీకరించింది. అప్పటికి వాళ్ళకి ఆల్బమ్ కూడా లేదు. ఆ వీడియో చేతులు మారి అమెరికా దాకా పాకింది. రెండేళ్ళు తిరక్కుండా ఆ పాట అక్కడి పెద్ద రేడియోలన్నిటా మోగింది. వీడియోలంటే ప్రచారానికి చేసే అదనపు పని కాదని స్టేషన్‌కి అర్థమైన సందర్భాల్లో అదొకటి.

యూట్యూబ్ పెద్దదయ్యాక రేడియో వెనకబడలేదా?

యూట్యూబ్‌లో వాళ్ళకి 30 లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లున్నారు. అంతమంది ఎఫ్ఎంలో ఎప్పటికీ వినరు. అయినా బ్యాండుని పిలిచేది రేడియో కోసమే, స్టూడియోలో పక్కన కూర్చుని మాట్లాడేది రేడియో డీజేలే. షెరిల్ వాటర్స్ గొంతు మీకు తెలిసే ఉంటుంది, చాలా వీడియోల్లో బ్యాండ్లతో మాట్లాడేది ఆవిడే. ఉదయం కార్యక్రమం జాన్ రిచర్డ్స్‌ది. ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవాళ్ళు, జబ్బుతో ఉన్నవాళ్ళు ఆయనకి రాస్తారు, వాళ్ళ కోసం పాటలు వేస్తాడు. మీరు ఒంటరి కాదు అని రోజూ చెప్తాడు. వీడియోలో ఇది దొరకదు.

స్టేషన్‌ని చూడ్డానికి వెళ్ళొచ్చా? టికెట్ ఉంటుందా?

వెళ్ళొచ్చు, టికెట్ లేదు. స్పేస్ నీడిల్ టవర్ చూడ్డానికి అమ్మానాన్నల్ని తీసుకెళ్తే అక్కడినుంచి నడిచి వెళ్ళేంత దూరమే. 1962 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన నార్త్‌వెస్ట్ రూమ్స్ అనే భవనాల్లో ఉంది. 2015 డిసెంబర్‌లో స్టేషన్ అక్కడికి మారింది, 2016 ఏప్రిల్‌లో జనానికి తలుపులు తెరిచారు.

లోపల పెద్ద హాలు. కాఫీ దొరుకుతుంది, రికార్డులు అమ్ముతారు, సోఫాలుంటాయి. ఒక పక్క గాజు గోడ, దాని అవతల డీజే. మీరు కాఫీ తాగుతుంటే ఆయన పాట మార్చడం కనిపిస్తుంది, ఆ పాటే హాల్లో స్పీకర్లలో వస్తుంటుంది. బ్యాండ్లు వాయించే గది వేరు. వాటికి ప్రేక్షకుల్ని అనుమతించే రోజులు వెబ్‌సైట్‌లో చెప్తారు, చోట్లు తక్కువ కాబట్టి ముందే చూసుకోండి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడా మొదలైందంటున్నారు. అదే స్టేషనా?

అవును. 2024 మార్చి 19 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో 92.7 ఎఫ్ఎం మీద వస్తోంది. అక్కడ దివాలా తీసిన ఒక స్టేషన్ వేలానికి వస్తే 37.5 లక్షల డాలర్లకి కొన్నారు. కేఈఎక్స్‌సీ అన్నది దాని గుర్తింపు పేరు. పాటలు చాలావరకు సియాటిల్‌వే, దానితోపాటు బే ఏరియా బ్యాండ్ల కోసం ప్రత్యేకంగా కార్యక్రమం ఉంది. ఒక ఊరి రేడియో ఇంకో ఊళ్ళో కొట్టు తెరిస్తే అది స్థానిక రేడియో ఎలా అవుతుందని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. బే ఏరియాలో ఉన్న మనవాళ్ళకి మాత్రం కార్లో వినడానికి ఒకటి దొరికింది.

## డబ్బు సంగతి

ప్రకటనలు లేకుండా జీతాలెలా ఇస్తారు?

ఎక్కువ భాగం శ్రోతల చందాలు. మిగతాది కంపెనీల సహాయం, గ్రాంట్లు. కంపెనీ పేరు గాల్లో చదువుతారు కానీ దానికి హద్దులున్నాయి: ధర చెప్పకూడదు, వెంటనే కొనండి అనకూడదు, మా సరుకే గొప్పది అనకూడదు. వాణిజ్యేతర స్టేషన్లన్నిటికీ అమెరికా ప్రభుత్వం పెట్టిన రూలది.

నేను విన్నప్పుడల్లా చందాలే అడుగుతున్నారు. విసుగొస్తోంది!

ఏడాదిలో కొన్ని వారాలు చందాల కాలం ఉంటుంది, మీరు అప్పుడే పెట్టి ఉంటారు. ఆ రోజుల్లో విసుగు నిజమే, నేనూ సౌండ్ తగ్గిస్తాను.

ఎవరో శ్రోత కోటి డాలర్లు రాసిచ్చారట?

దాదాపు అంత. 2018లో స్టేషన్ ప్రకటించింది: చనిపోయిన ఒక శ్రోత తన వీలునామాలో కోటి డాలర్లకి కాస్త తక్కువగా వదిలి వెళ్ళారు. అమెరికాలో ఒక్క పబ్లిక్ రేడియో స్టేషన్‌కి వ్యక్తులు ఇచ్చిన అతి పెద్ద మొత్తాల్లో అదొకటి. స్థానిక బ్యాండ్లని ప్రోత్సహించడానికి, పిల్లలకి సంగీతం దగ్గర చెయ్యడానికి, కొత్త టెక్నాలజీకి కొంత వాడతామన్నారు.

2025లో ప్రభుత్వం డబ్బు ఆపేసింది కదా, స్టేషన్ మూతపడుతుందా?

2025 జులైలో అమెరికా కాంగ్రెస్ పబ్లిక్ రేడియో, టీవీల కోసం అప్పటికే కేటాయించిన 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది. పల్లెల్లోని చిన్న స్టేషన్లకి అది ప్రాణాంతకం. చందాల మీద నడిచే నగరపు స్టేషన్లకి దెబ్బే, కానీ ప్రాణం మీదికి తెచ్చేంత కాదు.

## మనవాళ్ళ ప్రశ్నలు

తెలుగు పాట అడిగితే వేస్తారా?

అడగొచ్చు, వెయ్యాలా వద్దా అన్నది డీజే ఇష్టం. ఈస్టర్న్ ఎకోస్ అని ఆసియా మూలాలున్న కళాకారుల కోసం ఒక కార్యక్రమం ఉంది, వో పాప్ అని ప్రపంచ సంగీతానికి ఇంకొకటి. సినిమా హిట్టు అడిగేకన్నా, సొంతంగా పాటలు చేసుకునే తెలుగు బ్యాండుని సూచిస్తే వినే అవకాశం ఎక్కువ. పాట పేరుతోపాటు అదెవరు, ఏ ఊరు, ఏంటి విశేషం అని రెండు ముక్కలు రాయండి. డీజేలకి కావాల్సింది అదే.

హైదరాబాద్‌లో ఇలాంటి స్టేషన్ ఎందుకు లేదు?

ప్రైవేటు ఎఫ్ఎంలు వేలంలో కోట్లు పోసి లైసెన్సు కొంటాయి. ఆ డబ్బు ప్రకటనల్లో రాబట్టాలంటే అందరికీ తెలిసిన సినిమా పాటే వెయ్యాలి. సొంత వార్తలు చదవడానికి కూడా వాటికి అనుమతి లేదు, ఆకాశవాణి వార్తలే మళ్ళీ వినిపించాలి.

దగ్గరగా వచ్చేవి కమ్యూనిటీ రేడియోలు. సంగారెడ్డి జిల్లా మాచ్నూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 2008 నుంచి 90.4 మీద సంఘం రేడియో నడుపుతున్నారు. చిరుధాన్యాలు, విత్తనాలు, బతుకమ్మ పాటలు, అన్నీ వాళ్ళ యాసలోనే. రాక్ సంగీతానికీ దానికీ చుట్టరికం లేదు. కానీ ఏం వినిపించాలో వినేవాళ్ళే తేల్చుకోవడం అనే విషయంలో అది కేసీఎంయూకన్నా రెండాకులు ఎక్కువే చదివింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూడా బోల్ హైదరాబాద్ అనే క్యాంపస్ రేడియో ఉంది. మన దేశంలో కమ్యూనిటీ రేడియోకి అనుమతించే శక్తి 100 వాట్లే, కాబట్టి ఊరంతా వినపడదు. మరి 10 వాట్లతో సియాటిల్‌లో ఎలా అయ్యింది అంటారా? అయ్యేదాకా వాళ్ళని పదహారేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.

ఇండియా నుంచి ఎప్పుడు వినాలి?

వెబ్‌సైట్‌లో, యాప్‌లో ఉచితంగా వస్తుంది. జాన్ రిచర్డ్స్ కార్యక్రమం సియాటిల్‌లో సోమవారం నుంచి శుక్రవారం వరకూ ఉదయం 7 గంటలకి. మనకది ఎండాకాలంలో రాత్రి 7:30, చలికాలంలో 8:30. మార్చిలో, నవంబర్‌లో అక్కడ గడియారాలు మారుస్తారు కాబట్టి ఈ తేడా. టైము కుదరకపోతే గత రెండు వారాల కార్యక్రమాలు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. తేదీ, గంట ఎంచుకుని వినొచ్చు, పక్కనే పాటల జాబితా కూడా వస్తుంది.